రెండో గరిటె

నార్డ్‌బీ, మినసోటా
జనవరి, రెండో ఆదివారం

అమ్మమ్మా,

ఫోన్‌లో అయితే ఏడుస్తాననీ, కాగితం మీద అయితే ఆలోచిస్తాననీ నువ్వే అన్నావు కాబట్టి ఇది రాస్తున్నాను.

నా రెండో తరగతి పిల్లలు బాగున్నారు. పొద్దున మంచు బూట్లు విప్పడం, సాయంత్రం మళ్ళీ తొడగడం, మధ్యలో తీరిక దొరికితే చదువు. బెంగంతా మా ప్రిన్సిపాల్ ఓస్ట్‌బీ గారి గురించే. నన్ను వచ్చే ఏడాదికి ఉంచాలో వద్దో ఏప్రిల్ ఆఖరుకి ఆయన తేల్చాలి. మనిషి మంచివాడు. అంత మంచివాడు కాబట్టే మనసులో ఏముందో తెలియదు. మొన్న నా పాఠం చివరిదాకా విని, "ఫర్వాలేదండీ" అన్నారు. దీన్ని ఏ గడిలో వేసుకోవాలి?

ఇప్పుడు నా చేతికి ఒక పని ఇచ్చారు. ఇక్కడ ప్రతి నెలా మొదటి శుక్రవారం బడి జిమ్ హాల్లో ఊరంతటికీ విందు. ఆరుగురు ఆరు రకాల హాట్‌డిష్ ట్రేలకెత్తి తెచ్చి, బడి ఓవెన్లో కాలుస్తారు. పోయిన శరత్కాలంలో వంటగది ఓవెన్ చచ్చిపోయింది. కొత్తదాంట్లో నాలుగు ట్రేలే పడతాయి, ఇప్పటికి రెండు విడతలుగా కాల్చి నెట్టుకొస్తున్నారు. అంటే ఇద్దరితో "మీది ఇక వద్దు" అని చెప్పాలి. విందు కమిటీ వాళ్ళు అక్టోబరు నుంచీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు తప్ప నోరు విప్పడం లేదు. చివరికి ఓస్ట్‌బీ గారికి ఒక ఉపాయం తోచింది. "రెండో తరగతికి గ్రాఫుల పాఠం ఉంది కదండీ, పిల్లలే లెక్క తీసి గోడ మీద పెడితే ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు.

సరే అన్నాను. పిల్లలకి అట్టలూ పెన్సిళ్ళూ ఇచ్చి, "మీకు ఏది ఎక్కువ ఇష్టం?" అని విందులో అందర్నీ అడిగి రమ్మన్నాను. నోట్లో ఏదుంటే అది మింగేసి ప్రతివాళ్ళూ ఒకటే జవాబు చెప్పారట, "అన్నీ బాగున్నాయి నాన్నా" అని. పిల్లలు బుద్ధిగా ఆరు గడుల్లోనూ ఆరు గీతలు పెట్టుకుని వచ్చారు. గ్రాఫు గీస్తే కమ్మీలన్నీ ఒకే ఎత్తు. గోడకి కంచె కట్టినట్టుంది.

"అందరూ గెలిచారు టీచర్," అంది టిల్డా. ఏడేళ్ళ పిల్ల, ముందు పళ్ళు రెండూ లేవు. ఆ నవ్వు చూసి కాదని చెప్పలేకపోయాను. ఇంకో నెల గడువు అడిగాను.

నీ
మారెన్


డులూత్
జనవరి, శుక్రవారం

మారెన్‌కి, ఆశీస్సులు కొన్ని, అక్షింతలు మరికొన్ని.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, రెండోసారి తప్పులు దిద్దాను, మూడోసారి ఎర్ర సిరా అయిపోయింది.

పిల్లలది తప్పు కాదు, ప్రశ్నది తప్పు. మన రాష్ట్రంలో ఒక మనిషిని ఇంకొకరి వంట ఎలా ఉందని అడగడమంటే, తుపాకీ గురిపెట్టి జేబులో ఏముందని అడగడమే. ప్రాణభయం ఉన్నవాడు నిజం చెబుతాడా? పైగా అడిగేది పళ్ళూడిన పిల్ల. వండినావిడ పక్కనే నిలబడి ఉంటుంది. "అన్నీ బాగున్నాయి" అన్నది జవాబు కాదు, దగ్గు వచ్చినప్పుడు నోటికి అడ్డం పెట్టుకునే చెయ్యి.

ఇంకో పొరపాటు నీది. ఒక మనిషికి ఒక గీత అని ముందే చెప్పి ఉండాల్సింది. ఆరు గడుల్లో ఆరు గీతలు పెడితే అది లెక్క కాదు, అల్లిక.

నోళ్ళని అడగడం మానెయ్యి. ట్రేలు చూడండి. తిన్న తిండి అబద్ధమాడదు. విందు అయ్యాక ఏ ట్రే ఖాళీ అయిందో, ఏది కాలేదో చూసి రాసుకోమను.

"ఫర్వాలేదండీ" గురించి: అక్కడ పుట్టినవాడు ఆ మాట అన్నాడంటే అది పొగడ్తే. ఇంకా ఎక్కువ పొగడమంటే డాక్టర్ని పిలవాలి.

థోరా అమ్మమ్మ


నార్డ్‌బీ
ఫిబ్రవరి, మంగళవారం సాయంత్రం

అమ్మమ్మా,

తిన్న తిండి కూడా మర్యాదస్తురాలే.

విందు అయిపోయాక పిల్లలతో వంటగదిలోకి వెళ్ళాను. ఆరు ట్రేలు. ఆరింటిలోనూ మూల ఒక్క గరిటెడు. ఒక్కటీ ఖాళీ కాదు. నేను మర్చేపోయాను అమ్మమ్మా, ఆఖరి గరిటె ఎవరూ వేసుకోరు కదా. సగం తీసుకుంటారు. తర్వాతి మనిషి ఆ మిగిలినదాంట్లో సగం. ఆ తర్వాతి మనిషి దాంట్లో సగం. నా కళ్ళముందే ఒకాయన ఒక్క బఠాణీ గింజని కత్తితో రెండు చేశాడు. "ఖాళీ" అన్న గడిలో ఆరు సున్నాలు పెట్టుకుని ఇంటికి వెళ్ళాం.

అంతకుముందు ఇంకో తెలివితక్కువ పని చేశాను. ట్రేకి ఒకరు చొప్పున పిల్లల్ని పెన్సిలుతో నిలబెట్టి, ఎవరు వేసుకుంటే వాళ్ళకి ఒక గీత పెట్టమన్నాను. ఏమైందో ఊహించు. ఏ పిల్ల కాగితం మీద గీతలు తక్కువగా కనిపిస్తే ఊరంతా ఆ ట్రే దగ్గరికే వచ్చారు. "అయ్యో, నీకు ఎవరూ రాలేదా తల్లీ? ఇదిగో నాకు వెయ్యి." ఒక పెద్దాయన అలా చుట్టూ తిరిగి తిరిగి, చివరికి కుర్చీలో కూలబడి బెల్టు వదులు చేసుకున్నాడు.

మళ్ళీ కంచె. ఈసారి ఇంకా చదునుగా.

ఓస్ట్‌బీ గారు వచ్చి గ్రాఫు చూసి, "ఎంత సమానంగా ఉందో" అన్నారు. అది వెక్కిరింతో మెప్పో తెలియక థాంక్స్ చెప్పాను.

పిల్లలకి ఏం నేర్పుతున్నానో నాకే అర్థం కావడం లేదు. లెక్క తీయడం నేర్పుతున్నానా, లెక్క తీయలేమని నేర్పుతున్నానా?

మారెన్


డులూత్
ఫిబ్రవరి, అదే వారం

మారెన్,

ఆ బఠాణీ ఆయన నా జీవితంలో విన్న మొదటి నిఖార్సయిన సంఖ్యాశాస్త్రవేత్త. అనంతం దాకా వెళ్ళేవాడు, కత్తి మొద్దుబారి ఆగాడు.

కుంగిపోకు. నువ్వు కనుక్కున్నది చిన్న సంగతి కాదు. చూస్తున్నారని తెలిస్తే మనుషులు మారిపోతారు. ఇది పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల్లో డబ్బు తగలేసి కనుక్కుంటారు. నీ పిల్లలకి హాట్‌డిష్ ఖర్చుతో తెలిసింది.

ఇప్పుడు జాగ్రత్తగా విను. మీ ఊళ్ళో మొదటి గరిటెకి అర్థం లేదు. అందరూ అన్నీ తలో గరిటె వేసుకుంటారు, అది పలకరింపు. రెండోసారి లేచి వెళ్ళి వేసుకునేది మాత్రం ఇష్టం. దానికెవరూ బలవంతం చెయ్యరు, ఎవరూ చూడరని కూడా అనుకుంటారు. కాబట్టి రెండో గరిటె లెక్కపెట్టండి.

ఎక్కడి నుంచి చూడాలంటావా? జిమ్ హాలన్నాక నాటకాలకి స్టేజీ ఉంటుంది, స్టేజీకి తెర ఉంటుంది. పిల్లల్ని తెర వెనక కూర్చోబెట్టు. ఒకరికి ఒక ట్రే. పక్కవాడి ట్రే వైపు చూసినవాడికి బిస్కెట్టు లేదు. నాలుగు గీతలు నిలువుగా, అయిదోది అడ్డంగా. కట్టలు కట్టినట్టుంటే తర్వాత లెక్కపెట్టడం సులువు. గ్రాఫు గీసేముందు అంకెలన్నీ ఒక పట్టికలో పెద్దదాని నుంచి చిన్నదాని వరకు సర్దించు. సర్దకుండా గీసిన గ్రాఫు, మడత పెట్టకుండా బీరువాలో కుక్కిన బట్టలు ఒకటే.

తెర వెనక నవ్వితే పట్టుబడతారని చెప్పు. నవ్వుతారు, అయినా చెప్పు.

థోరా అమ్మమ్మ


నార్డ్‌బీ
మార్చి, రెండో మంగళవారం

అమ్మమ్మా,

పనిచేసింది. తెర మధ్య సందులోంచి పద్దెనిమిది ముక్కులు, ఆరు పెన్సిళ్ళు, ఒక్క నవ్వూ లేదు. ఒక్క తుమ్ము మాత్రం వచ్చింది. కింద ఎవరో "చిరాయువు" అని మళ్ళీ తినడంలో పడిపోయారు.

ఆ తర్వాతి వారం తరగతిలో పట్టిక వేశాం. సర్దడం దగ్గర కొట్లాట. ఒకడు ట్రేలని వరసలో పెట్టినట్టే రాయాలంటాడు, ఇంకొకడు అక్షరక్రమం అంటాడు. పెద్దది ముందు అని తేల్చాను. తర్వాత రంగు కాగితం చదరాలు కత్తిరించి, ఒక మనిషికి ఒక చదరం చొప్పున అంటించారు. అడవి బియ్యం-కోడి కమ్మీ అంటించే గుంపు వాళ్ళు చదరాలు పెద్దవిగా కోశారు, వాళ్ళ కమ్మీ ఇంచుమించు కిటికీ దాకా పోయింది. "చదరాలన్నీ ఒకే కొలత ఎందుకుండాలి?" అని అడిగితే టిల్డా చెప్పింది, "లేకపోతే లావు మనిషికి రెండు ఓట్లు ఇచ్చినట్టు." నేను ఇంతకంటే బాగా చెప్పలేను.

గ్రాఫు ఇది. అడవి బియ్యం-కోడి అన్నిటికంటే ఎత్తు. తర్వాత బంగాళాదుంప ముద్దలు, ఆ తర్వాత మకరోనీ. నాలుగోది సాసేజ్-క్యాబేజీ, అది ఓస్ట్‌బీ గారే వండుతారు. అయిదోది ట్యూనా చేప. అన్నిటికంటే పొట్టిది ఆర్డిస్ గారి హామ్-బఠాణీ. ఒకే ఒక్క పసుపు చదరం. ట్యూనా, హామ్ పోవాలి.

నిన్న పొద్దున తరగతికి వెళ్ళేసరికి ఆ పసుపు కమ్మీ నాలుగు చదరాలైంది. ఎవరని అడిగితే టిల్డా లేచింది. ఆర్డిస్ గారి ట్రే చూసింది తనే.

"ఒక్కటే ఉంటే పాపం కదా టీచర్. పక్కన ఎవరూ లేరు."

"కానీ నువ్వు చూసింది ఒక్కరినే కదా?"

"చూసింది ఒక్కరినే. అనుకున్నది నలుగురిని."

తరగతి మొత్తం తన వైపే. ఉంచేద్దాం అంటారు. మధ్యాహ్నం ఓస్ట్‌బీ గారు వచ్చి నిలబడి, చాలాసేపు చూసి, "ఆ పసుపురంగు కాస్త ఎత్తుగా ఉంటే గోడకి అందంగా ఉంటుందేమో. నాకేం తెలుసు, నేను బొమ్మల మనిషిని కాదు" అని వెళ్ళిపోయారు.

ఈ గురువారం సాయంత్రం ఊరంతా వచ్చి గ్రాఫు చూస్తారు. ఆ మూడు చదరాలూ ఉంచేస్తే ఏం పోతుంది అమ్మమ్మా? వాళ్ళు ఏడేళ్ళ పిల్లలు. జాలి కూడా చదువే కదా.

వెంటనే రాయి.

మారెన్


డులూత్
మార్చి, బుధవారం, పోస్టు మీద నమ్మకం లేక మీ ఊరికి వచ్చే రొట్టెల వ్యాను డ్రైవరు చేతికి ఇస్తున్నాను

మారెన్,

ఊడబెరుకు.

జాలి చదువే, కాదనను. కానీ దాన్ని గ్రాఫు మీద అంటించకూడదు. ఆ పిల్లకి జాలి వేస్తే ఆర్డిస్ గారికి పువ్వు ఇవ్వమను, పక్కన కూర్చోమను, రెండోసారి హామ్ వేసుకుని తినమను. చూడనిదాన్ని చూశానని రాయడం ఈ వయసులో అలవాటైతే పెద్దయ్యాక వాతావరణశాఖలో తప్ప ఎక్కడా ఉద్యోగం రాదు. నువ్వు ఊడబెరక్కు, ఆ పిల్లచేతే తీయించు, తీసేటప్పుడు పక్కన కూర్చో.

ఇక రెండో సంగతి. హామ్-బఠాణీ దగ్గర ఏదో దాస్తున్నావు. "ఆర్డిస్ గారు" అన్నావు, ఇంటిపేరు రాయలేదు. ప్రతి మనిషినీ ఇంటిపేరుతో, కుక్కపేరుతో సహా రాసే పిల్లవి. పైగా ఆ పసుపు కమ్మీ ఎత్తు పెరగాలని మీ ప్రిన్సిపాలుకే తోచింది. నేను ముసలిదాన్నే గానీ గుడ్డిదాన్ని కాదు. ఆవిడ మీ ప్రిన్సిపాల్ తల్లి. అవునా?

అయితే మరీ మంచిది. గ్రాఫు నిజమైతేనే నీ ఉద్యోగం నీది. అబద్ధమైతే అది ఆవిడ దయ.

ఇంత రాసి మధ్యాహ్నం భోజనానికి వెళ్ళాను. ఇక్కడ వృద్ధాశ్రమం వంటాయన వచ్చి, "థోరా గారూ, సూపు ఎలా ఉంది?" అన్నాడు. ఉప్పు మరిచిపోయాడు. "బాగుందయ్యా" అన్నాను. నేనూ ఈ రాష్ట్రందాన్నే, ఏం చెయ్యను. అందుకే పిల్లల్ని తెర వెనక కూర్చోబెట్టమన్నాను.

అమ్మమ్మ


నార్డ్‌బీ
మార్చి, గురువారం రాసి శుక్రవారం పోస్టు చేసినది

అమ్మమ్మా,

అవును, తల్లే. నీకు చెప్తే ధైర్యం పోతుందని చెప్పలేదు. నాది, నీది కాదు.

టిల్డా చదరాలు తీసింది. ఒక్కోటీ తీసి జేబులో పెట్టుకుంది. పసుపు కమ్మీ మళ్ళీ ఒంటరిదైంది.

సాయంత్రం ఊరంతా కోట్లు విప్పకుండానే గోడ ముందు నిలబడ్డారు. అందరికీ కనిపిస్తోంది, ఎవరూ చూడటం లేదు. "రంగులు బాగున్నాయి." "చక్కగా అంటించారు." "ఈ ఏడు మంచు ఎక్కువే." అప్పుడు ఆర్డిస్ గారు వచ్చారు. చిన్న మనిషి, చేతికర్ర. గుంపు పక్కకి తప్పుకుంది. ఓస్ట్‌బీ గారు పైకప్పు దీపాలు లెక్కపెడుతున్నారు.

ఆవిడ కర్ర కొస పసుపు చదరం మీద పెట్టారు.

"నాది ఎవరు లెక్కపెట్టారు?"

టిల్డా చెయ్యెత్తింది. "నేనే."

"ఒక్కళ్ళే వచ్చారా?"

"ఇంకా వచ్చారు. ట్రేలోకి చూసి వెళ్ళిపోయారు. వేసుకోలేదు కాబట్టి గీత పెట్టలేదు."

"ఎందుకు వెళ్ళిపోయారు?"

"కొంచెమే ఉంది కదా. ఆఖరిది."

"మీ ఇంట్లో ఆఖరిది ఎవరు తింటారు?"

"ఎవరూ తినరు. కుక్కకి పెడతాం."

ఆర్డిస్ గారు కర్ర మీద రెండు చేతులూ ఆనించి, మిగతా పిల్లల వైపు తిరిగారు. "నేను ఒంటరి మనిషిని. నా ట్రే చిన్నది. మిగిలినవాళ్ళవి దానికి రెట్టింపు. మొదటి విడతకే నాది అడుగంటింది. రెండోసారి వచ్చినవాళ్ళకి ఏం మిగిలిందని వేసుకుంటారు? చెప్పండి, ఇది ఎవరికీ నచ్చని కమ్మీయా, అందరికీ నచ్చిన కమ్మీయా?"

పద్దెనిమిది మంది నా వైపు చూశారు. నేను గ్రాఫు వైపు చూశాను. నిజం చెప్పనా? నాకు తెలియలేదు.

"తెలియదు," అన్నాను.

"తెలియకపోతే గోడ మీద ఎందుకు పెట్టారూ?" అన్నారు ఆవిడ. కోపంగా కాదు, పాలు ఎందుకు పొంగించావు అన్నట్టు.

టిల్డా అంది, "మళ్ళీ లెక్కపెడతాం. ఈసారి అందరికీ ఒకేలాంటి ట్రే."

"ఒకే కొలత చదరాలున్నప్పుడు ఒకే కొలత ట్రేలు వద్దా మరి," అన్నారు ఆర్డిస్ గారు. ఊళ్ళోవాళ్ళు ఊపిరి వదిలారు. ఎవరో కాఫీ తెచ్చారు.

ఓస్ట్‌బీ గారు వెళ్తూ వెళ్తూ, "ఊఁ, ఇదొక రకం సాయంత్రం" అన్నారు. అంతే. ఏప్రిల్ దగ్గరికొస్తోంది అమ్మమ్మా.

మారెన్


డులూత్
మార్చి, సోమవారం

మారెన్,

తప్పు నాది. రెండో గరిటె అని పెద్ద పండితురాలిలా చెప్పాను. బఠాణీ గింజ కోసినవాడి కథ నువ్వు రాస్తే నవ్వాను తప్ప, ఆ కథే నా లెక్కని మింగేస్తుందని తట్టలేదు. జీవితమంతా హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఒక్క విద్యార్థి కూడా ఆర్డిస్ ఓస్ట్‌బీ అడిగిన ప్రశ్న అడగలేదు. ఆవిడని నేను రెండో వరసలో కాదు, మొదటి వరసలో కూర్చోబెట్టేదాన్ని.

ఊరి ముందు "తెలియదు" అన్నావే, అది నువ్వు ఈ ఏడాది చెప్పిన పాఠాలన్నిట్లోకీ మంచిది. దానికి సంబరపడిపోకు, వెంటనే పని చూడు. ట్రేలన్నీ ఒకే కొలత. ఏ ట్రే అయినా ఆఖరి గరిటెకి వచ్చిందంటే పిల్లలు పక్కన ఒక చుక్క పెట్టాలి, ఎవరైనా వంటగదిలోంచి ఇంకొంచెం తెచ్చి నింపాలి. బల్ల మీద వరసని మధ్యలో ఒకసారి మార్చు. చేతికి అందేదానికే చెయ్యి పోతుంది, అది ఇష్టం కాదు, బద్ధకం.

ఫలితం ఏదైనా ఆవిడకి ముందు నువ్వే చెప్పు. గోడకి చెప్పనివ్వకు.

థోరా


నార్డ్‌బీ
ఏప్రిల్, ఆఖరి ఆదివారం

అమ్మమ్మా,

ఏప్రిల్ విందుకి బేకరీ వాళ్ళు ఆరు ఒకే రకం ట్రేలు అరువిచ్చారు. ఆర్డిస్ గారు రెండింతలు వండి, "వీపు విరిగింది, లెక్క సరిగ్గా తియ్యండి" అని తెర వెనక్కి వచ్చి మరీ పిల్లల్ని హెచ్చరించారు. నింపాల్సినప్పుడు నింపాం. వరస మార్చాం. చుక్కలు పెట్టాం.

అడవి బియ్యం-కోడి మళ్ళీ మొదటిదే. బంగాళాదుంపలు రెండు. హామ్-బఠాణీ మూడు. నువ్వు చెప్పినట్టు ముందు ఆవిడ ఇంటికే వెళ్ళి చెప్పాను. "మూడా?" అన్నారు. కాసేపు ఆలోచించి, "నేను అయిదనుకున్నాను. మొదటిదైతే నమ్మేదాన్ని కాదు" అని కాఫీ పోశారు. మొహం చూస్తే ఏడాదికి సరిపడా సంతోషం.

ఆవిడ పైకొచ్చారు కాబట్టి ఒకరు కిందకి పోవాలి కదా. ట్యూనా ఎలాగూ కిందే ఉంది. మకరోనీ నాలుగో చోట ఆగింది. అయిదోది సాసేజ్-క్యాబేజీ.

నా చేత్తో, నా ప్రిన్సిపాల్ వంటని, నా కొనసాగింపు తేల్చే నెలలో, గోడ మీద అయిదో చోట పెట్టాను. టిల్డా ఆయన ముందు నిలబడి, "మీది కూడా తీసేయాలి సార్. చదరాలు అన్నీ ఒకే కొలత, చూసుకోండి" అంది. ఆయన నిజంగానే వేలితో కొలిచి చూసుకున్నారు.

సాయంత్రం బడి అయ్యాక నా గదికి వచ్చారు. పొట్టి కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"మా ఇంట్లో ఆ క్యాబేజీ నేను తప్ప ఎవరూ తినరు. ఊళ్ళోనైనా తింటారేమోనని తెచ్చేవాణ్ణి," అన్నారు.

నేను అట్టలు సర్దుతూ విన్నాను.

"మా అమ్మతో ఎవరైనా వాదించి, ఇద్దరూ సంతోషంగా బయటపడటం నేను ఇంతవరకు చూడలేదండీ."

కిటికీ వైపు చూశారు. "ఇక్కడ చలిగాలి లోపలికి వస్తున్నట్టుంది. వేసవిలో వడ్రంగిని పిలిపిస్తాను. సెప్టెంబరులో బడి తెరిచేసరికి మీకు ఇబ్బంది ఉండదు." లేచి, కుర్చీ బల్ల కిందకి నెట్టి వెళ్ళిపోయారు.

రెండు రోజులైంది. ఇంకేమీ చెప్పలేదు. అమ్మమ్మా, ఆయన అన్నది కిటికీ గురించేనా? నన్ను ఉంచుతున్నట్టా, లేనట్టా? రాత్రి నిద్ర పట్టడం లేదు.

మారెన్


డులూత్
మే, ఒకటో తారీఖు

మారెన్,

ఇన్ని నెలలు లెక్క తీయడం నేర్పి, చేతిలో ఉన్న అంకె చదవలేకపోతే ఎలా?

మినసోటా మగవాడు మోకాళ్ళు గడ్డానికి తగిలించుకుని కూర్చుని, తన క్యాబేజీ ఓడిపోయిందని ఒప్పుకుని, నీ కిటికీకి వడ్రంగిని పిలుస్తానన్నాడు. "మీకు" అన్నాడు, "వచ్చేవాళ్ళకి" అనలేదు. ఇంతకంటే గట్టిగా అవుననడం ఆయనకి చేతకాదు. మీ తాత నన్ను పెళ్ళి చేసుకుంటానని నోటితో అడగలేదు, నా సైకిలు గొలుసుకి నూనె వేశాడు.

నిద్రపో. ఆ వడ్రంగి వచ్చినప్పుడు కాఫీ ఇవ్వు.

అమ్మమ్మ